ఏసీ రూములో ముక్కుపొడి

ఇక్కడ రాసేదంతా నిజం. దీపమార్పి చెప్పమంటే దీపమార్పి చెప్తా. తల మీద చెయ్యి పెట్టి చెప్పమంటే, నాకుండేది ఒక్క తలే కాబట్టి దాని మీదే పెట్టుకుని చెప్తా. నేనేం చెప్పినా సగానికి సగం కోసి తీసుకునే మా ఇంటివాళ్ళు కూడా దీన్ని కొయ్యకుండా తీసుకోవచ్చు.

ఎనభైల మొదట్లో నంద్యాలలో ట్రాన్సిస్టర్లు తయారయ్యేవంటే ఇప్పుడెవరూ నమ్మరు. అప్పుడూ నమ్మలేదు. మేం చేసేది రేడియో కడుపులో ఉండే శనగగింజంత వస్తువు. నేనక్కడ ఇంజనీరునని తెలిసి, “మా రేడియో గరగరమంటాంది, రోంత చూడు సామీ” అని సెట్లు మా ఇంటి అరుగు మీద పెట్టిపోయేవాళ్ళు. చూసేవాణ్ణి. నాకు బాగుచెయ్యడం రాదు. పోయిన దాన్ని మూటగట్టి, మర్యాదగా తిరిగిచ్చేవాణ్ణి.

మా షెడ్డు ఊరి బయట. ఒక పక్క దూది మిల్లు, ఇంకో పక్క నాపరాళ్ళు కోసి నునుపు పట్టే యంత్రం. ఈ పక్క నుంచి దూది ఎగిరొచ్చేది, ఆ పక్క నుంచి రాతిపొడి. మధ్యలో మాది దుమ్ము పడకూడని పని. ఆ జాగా ఎంచిన మహానుభావుడెవరో నాకిప్పటికీ తెలీదు.

అందుకని షెడ్డు లోపల ఒక గది కట్టి, సందులన్నీ మూసి, రెండు ఏసీలు పెట్టినారు. చెప్పులు బయట విడిచి, తెల్లకోటూ టోపీ వేసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని లోపలికి పోవాల. లోపల ఆడపిల్లలు మైక్రోస్కోపులో చూస్తా, వెంట్రుక కంటే సన్నని బంగారు తీగను ఆవగింజలో సగం కూడా లేని సిలికాన్ ముక్కకు అతికించేవాళ్ళు. దాని మీద నలుసు పడితే ఆ ముక్క చచ్చినట్టే. వాళ్ళందరిలో చెయ్యి బాగా కుదిరింది ఆళ్ళగడ్డ నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయికి. వాళ్ళ నాయన మిషన్ స్కూల్లో అయ్యవారు. పని మొదలుపెట్టే ముందు ఆ పిల్ల కళ్ళు మూసుకుని పెదాలు కదిలించేది. ఆ తర్వాత సాయంత్రం దాకా కదిలేది కాదు.

ఆ ఎండాకాలం బెంగుళూరు కంపెనీ ఒకటి మమ్మల్ని నమూనాలు అడిగింది. వాళ్ళ పరీక్షలో నిలిస్తే ఆర్డరు వస్తుంది, అందరి ఉద్యోగాలూ పర్మినెంటవుతాయి. లేకపోతే షెడ్డుకు తాళం. మా మేనేజరు దీనికోసం మీటింగేమీ పెట్టలేదు. టీ తాగుతా చెప్పినాడు, “ఇదే కడసారి. పోతే అందరం పోతాం” అని.

నమూనాలు చేసే వారం కరెంటు పోకూడదు. పోతే ఏసీలు ఆగుతాయి, చెమటలు కారతాయి, పనంతా చెడుతుంది. మేనేజరూ నేనూ కరెంటాఫీసుకు పోయినాం. అక్కడి పెద్దాయన భారీ మనిషి, ముక్కుపొడి అలవాటు. మేం చెప్పిందంతా విని డబ్బీ మూత మీద వేలితో తట్టినాడు.

“మీకాడ చల్లని రూముందంట గదా.”

“ఉందన్నా. మిషన్లకు.”

“మిషన్లకేనా? మనిషి కూచుంటే చెడిపోతాదా?”

మేనేజరు నా దిక్కు చూసినాడు. నేను ఫ్యాను దిక్కు చూసినా. అది తిరగడం లేదు. కరెంటాఫీసులో కరెంటు లేదు.

మరుసటి రోజు భోంచేసి వచ్చినాడాయన. కోటు బొత్తాలు అందలేదు. ముక్కుగుడ్డ గడ్డం కిందికి లాక్కుని, మూల కుర్చీలో కూచుని, ఒక పట్టు పీల్చి తుమ్మినాడు. ఆ తుమ్ముకు బల్లల మీది సిలికాన్ ముక్కలన్నీ లేచి, గదంతా ఒక చుట్టు చుట్టి, పక్కోళ్ళ బల్లల మీద దిగినాయి. ఆళ్ళగడ్డ అమ్మాయి మైక్రోస్కోపు నుంచి తల ఎత్తలేదు.

“సార్, నా ముక్క పోయి ఇంకొకరిది వచ్చినాది. దీనికే పెట్టేదా తీగ?”

“పెట్టమ్మా.”

ఆ మర్నాడు ఆయన వెంబడి గడివేముల నుంచి వాళ్ళ మామ వచ్చినాడు. ఆ మర్నాడు అంగళ్ళ వీధి ఆడవాళ్ళు, బంగారం చూస్తామని. మైక్రోస్కోపులో తీగ చూపించినా. ఒక పెద్దామె చూసి పెదవి విరిచింది.

“ఇది మెళ్ళో ఏసుకుంటే ఎవురికి కనపడాలప్పా? వచ్చినోళ్ళందరికీ ఈ డబ్బా ఇచ్చి చూడమనాల్నా?”

శుక్రవారం ఆ కరెంటాయన బంధువుల పిల్లకు పెండ్లిచూపులు. నందికొట్కూరు నుంచి వచ్చే మగపెండ్లివాళ్ళు ఎండకు తాళలేరని మా గదిలోనే ఏర్పాటు చేసినారు. నియమం నియమమే గనక అందరికీ కోట్లు, టోపీలు, ముక్కుగుడ్డలు ఇచ్చినా. పిల్లోడి తల్లి ఆ తెల్లకోట్ల వరసంతా చూసి, ఒకరి దగ్గర ఆగిపోయింది.

“ఈ పిల్లే గదా? మాకు నచ్చినాదప్పా. ఇంతమంది వచ్చినా పని మీంచి తల ఎత్తలేదు చూడు.”

ఆమె మెచ్చుకునింది ఆళ్ళగడ్డ అమ్మాయిని.

ఆ వారమంతా ఊర్లో కరెంటు పోతా వస్తా ఉండింది, మాకు మాత్రం ఒక్కసారీ పోలేదు. మేనేజరు నమూనాల పెట్టెను ఒళ్ళో పెట్టుకుని బస్సులో బెంగుళూరు పోయినాడు. ఆ అమ్మాయి రోజూ పొద్దున్నే చెప్పులు విడుస్తా, “ఏమన్నా తెలిసిందా సార్?” అనేది. తెలిసింది. మా ముక్కలన్నీ చచ్చినాయి. మూత విప్పి చూస్తే లోపల ముక్కుపొడి.

షెడ్డు మూతబడింది. ఏసీలు ఊడదీసి లారీలో ఎక్కించినారు. అవి ఉన్న చోట గోడకు రెండు పెద్ద బొక్కలు మిగిలినాయి. వాటిలోంచి దూది వచ్చి, ఖాళీ బల్లల మీద వాలతా ఉండింది. ఎవరూ తుడవలేదు.

ఇక దాచుకునేది లేదు. ముక్కుపొడి నేను కల్పించినా. తుమ్మూ, గడివేముల మామా, బంగారం చూడ్డానికొచ్చిన ఆడవాళ్ళూ, పెండ్లిచూపులూ నావే. కరెంటాఫీసు పెద్దాయన వచ్చింది ఒక్క మధ్యాహ్నమే. వరండాలో నిలబడి మంచినీళ్ళు తాగినాడు. లోపలికి రమ్మంటే, “నా కాళ్ళ దుమ్ము మీకెందుకప్పా” అని వెళ్ళిపోయినాడు. కరెంటు మాత్రం ఇచ్చిన మాట ప్రకారం ఇచ్చినాడు.

నిజంగా జరిగింది ఇంతే. బెంగుళూరులో మా మేనేజరును సాయంత్రం దాకా బెంచీ మీద కూచోబెట్టి, ఆ సరుకు బయటి దేశం నుంచి తెప్పించుకుంటున్నాం, ఇంక అవసరం లేదు అన్నారు. పెట్టె విప్పను కూడా లేదు. మేనేజరు ఆ మాట నా ఒక్కడికే చెప్పినాడు. రోజుల తరబడి వేడిలో పెట్టి చేసే ఆ పరీక్షకు మా దగ్గర యంత్రాలు లేవు. మేం చేసినవి మంచివో కావో ఎవరికీ తెలీదు. ఇకమీదట తెలిసే దారి కూడా లేదు.

కొన్నాళ్ళకు ఆళ్ళగడ్డ బస్టాండులో ఆ అమ్మాయి కనపడింది. బట్టలంగట్లో చీరలకు ఫాల్ కుడతాందంట.

“మనవి ఎందుకు పోయినాయి సార్? నేనేమన్నా తప్పు చేసినానా?”

విప్పి కూడా చూడలేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అక్కడే, ఆ బస్సుల పొగలో, ముక్కుపొడి పుట్టింది. మీరంతా ఇండ్లకు పోయినాక ఆ కరెంటాయన వచ్చి రూములో కూచునేవాడమ్మా, ముక్కుపొడి పీల్చేవాడు, అని చెప్పినా. పెండ్లిచూపులూ అవీ తర్వాత చెప్పగా చెప్పగా పెరిగినాయి.

ఆమె తన వేళ్ళ దిక్కు చూసుకునింది.

“అయితే తప్పు మన చేతిది గాదు.”

“గాదమ్మా” అన్నా.

ఆ మాట ఒక్కటన్నా నిజమై ఉండాలని ఇప్పటికీ అనుకుంటా. అదీ పరీక్షించి చూసిన మాట కాదు.