గొట్టంగుట్టకు చేసిన చేతికర్ర

వీర్రాజు గారు పటాన్‌చెరు ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్ళు లేతు మిషను మీద పనిచేశారు. పెళ్ళయిన కొత్తలో పెద్దాపురం వైపు నుంచి వచ్చి బీరంగూడలో ఇల్లు కట్టుకున్నారు. రిటైరయ్యాక కూడా నా లేతు షెడ్డుకు వచ్చేవారు. నాకు పని నేర్పింది ఆయనే. నోటితో నేర్పింది తక్కువ. పాడైన ముక్కను నా చేతిలో పెట్టి, తప్పెక్కడుందో నేనే కనుక్కునేదాకా చూస్తూ ఉండేవారు.

ఆయన భార్య నాగరత్నం గారు ఏదీ అడిగే మనిషి కాదు. మూడేళ్ళ కింద శ్రావణంలో మాత్రం ఒకటి అడిగారు. వాళ్ళ వీధి ఆడవాళ్ళంతా జహీరాబాద్ అవతల గొట్టంగుట్ట జలపాతం చూసి వచ్చారు. బండి దిగాక కాసేపు నడిస్తే చాలు, చిన్నపిల్లలూ వెళ్తారట. ఆమె మోకాళ్ళు అరిగిపోతున్నాయి. ఇంకో ఏడాదికి అంత నడక కూడా కష్టమని డాక్టరు చెప్పాడు. నడవగలిగినప్పుడే ఆ నీళ్ళు ఒకసారి చూస్తానన్నారు. వెదురు కర్ర ఒకటి కొనిస్తే చాలు, వచ్చే ఆదివారమే వెళ్దామన్నారు.

వెదురు కర్ర ఆయనకు నచ్చలేదు. తడి రాళ్ళ మీద జారుతుంది, పగులుతుంది. తానే చేస్తానని అల్యూమినియం పైపు తెచ్చారు. బస్సులో పట్టేలా దాన్ని రెండు ముక్కలు చేసి మధ్యలో తిప్పి బిగించే మర పెట్టారు. ఆమె చేత చపాతీపిండి ముద్దను పిడికిట్లో గట్టిగా నొక్కించి, ఆ వేళ్ళ గుర్తుల ప్రకారం పిడి చెక్కారు. దానికే రెండు ఆదివారాలు పట్టింది.

ఆగస్టు చివర్లో కర్ర తయారయింది. అప్పుడు నేనొక మాట అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"సార్, మర కాడ జెర వంకరున్నట్టుంది, చూడుండ్రి."

ఆయన దగ్గర నేర్చుకున్న కన్ను నాకూ ఉందని చూపించుకోవాలనిపించిందేమో. డయల్ గేజి పెట్టి కొలిస్తే వెంట్రుకవాసి తేడా. నడిచే మనిషికి అది తెలియను కూడా తెలియదు. వీర్రాజు గారు ఆ ముక్క పక్కన పడేసి మళ్ళీ మొదలుపెట్టారు. పనంటే అట్లుండాలని నేను మెచ్చుకున్నాను కూడా.

తర్వాత కర్ర కొనకు తొడిగిన రబ్బరు ఆయనకు నచ్చలేదు. అది మార్చేసరికి దసరా దాటింది. ఆమె మళ్ళీ అడగలేదు.

కార్తీకంలో ముగ్గురం వెళ్ళాం. జహీరాబాద్ దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆటో. దారంతా రాళ్ళే అయినా ఆమె అడుగు ఒక్కచోట కూడా తడబడలేదు. వెనక నడుస్తున్న ఆయన కళ్ళు కర్ర కొన మీదే ఉన్నాయి. నేనూ అదే చూస్తున్నాను. అందుకే నీళ్ళ చప్పుడు వినిపించడం లేదని మా ఇద్దరికీ తట్టలేదు.

చివరి మలుపులో ఆమె ఆగిపోయారు. ఎదురుగా నల్లటి బండ, దాని మీద ఎండిన తెల్లటి చార. కింద మడుగులో పాచి. ఆ ఏడు వానలు సెప్టెంబరులోనే ఆగిపోయాయి.

వీర్రాజు గారు ఇంకా కర్ర వైపే చూస్తూ, "కర్ర ఎలా ఉంది?" అన్నారు.

"కర్ర బాగుందండీ," అన్నారామె. "నీళ్ళే లేవు."

కోపంగా అనలేదు. అక్కడే కూర్చుని మాకు పులిహోర పెట్టారు. తిరుగు ప్రయాణంలో ఆయన కర్రను రెండు ముక్కలుగా విప్పి సంచిలో పెట్టుకున్నారు.

మరుసటి ఏడు వానలు బాగా పడ్డాయి. అప్పటికి ఆమెను వాకిట్లో మూడు మెట్లు దించడానికే ఇద్దరు కావాల్సి వచ్చింది.

మొన్న వాళ్ళింటికి వెళ్ళాను. మందుల షాపులో కొన్న నాలుగు కాళ్ళ వాకర్ పట్టుకుని ఆమె వీధి చివరి గుడికి బయల్దేరుతున్నారు. దానికి ఒక కాలు కాస్త పొట్టి. అడుగు అడుగుకీ టక్కుమంటోంది. ఆయనకది వినబడకుండా ఉండదు.

"షెడ్డుకు తెస్తే అర్ధగంట పని, సార్," అన్నాను.

"వద్దు లింగం," అన్నారాయన, తలుపు తీసి పట్టుకుంటూ. "ముందు ఆవిణ్ణి వెళ్ళనీ."