అత్త ఇచ్చిన ప్రార్థన నూనె

నా ప్రియమైన సహోదరీ సహోదరులారా, ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు. నేను సువార్తమ్మను. మాది కంబదూరు పక్కన పల్లె, వాన పడితే శనక్కాయ, పడకుంటే కూలి. మా ఆయన బోరు లారీ మీద ఊర్లు తిరుగుతాంటాడు. నేను చెప్పబోయేది ఆడోళ్ళ సంగతి, సిగ్గుపడి ఇన్నాళ్ళూ నోరు మూసుకుంటిని, ఈ పొద్దు కూడా చెప్పకుంటే ప్రభువు నన్నడుగుతాడు. మగోళ్ళు కూడా వినండి, తలకాయలు దించుకోవద్దండి!

మా అమ్మ గర్భసంచి ముఖద్వారం క్యాన్సరుతో పోయింది. తెల్లబట్ట అవుతాంటే ఒంటికి వేడి చేసిందని సబ్జా గింజలు నానేసుకొని తాగింది, ఎండలో కలుపు తీసే ఆడోళ్ళందరికీ ఉండేదే కదా అనింది, రక్తం పడేనాటికి చేయి దాటిపోయింది. ఆమె గుడ్డలు ఉతికింది నేనే. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కుల్లో ఉండాది. అందుకే ఈ జబ్బు పేరు ఎవరన్నా ఎత్తితే ఆడ్నుంచి లేచి పోయేదాన్ని.

అట్లాంటిది, పోయిన సంవత్సరం మన చర్చి వరండాలోనే పరీక్ష పెడతామని కళ్యాణదుర్గం ఆస్పత్రి నర్సమ్మ వచ్చి చెప్పింది. ముప్పై దాటిన ఆడోళ్ళంతా రావల్లంట, నొప్పి లేనోళ్ళే ముందు రావల్లంట. ఈ క్యాన్సరుకు దారి తీసే వైరస్ రకాలు కొన్ని ఉండాయంట, హెచ్‌పీవీ అంటారంట, అవి లోపల చేరినాయా లేదా అని చూసే పరీక్ష ఇది, చిన్న బ్రష్షు మాదిరి పుల్లతో లోపలి తడి మీ అంతట మీరే తీసి ఇయ్యొచ్చు అనింది. పరీక్షకు రెండు రోజుల ముందు నుంచి లోపల మందు గానీ నూనె గానీ పెట్టుకోవద్దండి అని కూడా చెప్పింది.

ఈసారి మాత్రం లేచి పోలేదు, మా అమ్మ గుర్తొచ్చి పేరు రాయించినాను. మా అత్త దానమ్మను మీరంతా ఎరుగుదురు, ఉపవాస ప్రార్థన ఒక్కటీ తప్పనీయదు, పెండ్లైన కాడ్నుంచి నన్ను బిడ్డా అని తప్ప వేరేగా పిలవని మనిషి. పరీక్ష పొద్దున ఆమె, జబ్బులు పోవాలని రాసుకునే ప్రార్థన నూనె బుడ్డి తెచ్చి నా చేతిలో పెట్టి, "బిడ్డా, ఆ చోటనే రాయి, ఏముండినా ప్రభువు ముందే తీసేస్తాడు" అనింది. నర్సమ్మ మాట గుర్తుండాది, అయినా అత్త కండ్లల్లో నీళ్ళు చూసినాక కాదనలేకపోయినాను. రాసుకొనే పోయినాను.

కొన్నాళ్ళకు ఫోన్ వచ్చింది. "అమ్మా, నీది ఫలితం తేలలేదు, మిషను చదవలేకపోయింది, మళ్ళీ తీయల్ల" అనింది నర్సమ్మ. మా అత్త ఆ మాట విని ఎగిరి గంతేసింది! మిషనుకు కనపడకుండా దేవుడే కప్పేసినాడంట, ఇంక మళ్ళీ పోతే దేవుణ్ణి అనుమానించినట్లేనంట. ఆ వారమే ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టి, మీ అందరినీ పిలిచి, అన్నాలు వండించింది. మీలో చాలామంది వచ్చినారు, తిన్నారు, మర్చిపోయింటారు, నేను మాత్రం మర్చిపోలేదు.

పాటలైనాయి, "సువార్తమ్మా, దేవుడు చేసిన మేలుకు లేసి సాక్ష్యం చెప్పు" అన్నారు. లేసినాను, మా అత్త నా ముఖంలోకే చూస్తాండాది, మా అమ్మ కూడా ఇట్లనే ఏమీ లేదు ఏమీ లేదు అనుకుంటానే పోయింది కదా అని లోపల ఒకటే మంట. కండ్లు మూసుకొని ప్రార్థన చేసినాను, "ప్రభువా, నీ ముందర నేను అబద్ధం చెప్పలేను. మిషను చూడలేకపోయినా నువ్వు చూసినావు. నువ్వు చూసింది నాకూ చూపించు తండ్రీ!" అంతే, ఆమెన్ అని కూర్చుండిపోయినాను. మా అత్తకు తల కొట్టేసినట్లైంది. "నలుగురిలో నా పరువు తీస్తివి కదే" అని నాతో మాట్లాడటం మానేసింది.

మర్నాడే కళ్యాణదుర్గం బస్సెక్కి పోయి నర్సమ్మతో నూనె సంగతి చెప్పేసినాను. ఆమె తిట్టలేదు, "దానివల్లనే తేలకపోయి ఉండొచ్చు అక్కా" అని, ఇంక ఏమీ రాయకుండా రెండు రోజులు ఆగి రమ్మనింది. మళ్ళీ ఇచ్చినాను. ఈసారి పాజిటివ్ వచ్చింది, అదీ క్యాన్సరు తెచ్చే రకమే!

సహోదరులారా, భూమి కుంగినట్లైంది. పైగా ఆ వైరస్ ఆలుమగల కలయికతో వస్తుందని విన్నాక మా ఆయన మీద అనుమానం, ఊర్లు తిరిగే మనిషి కదా అని! నర్సమ్మ నన్ను కూర్చోబెట్టి, పెండ్లైన చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు తగిలేదే ఇది, చానామందిలో దానంతట అదే పోతుంది, కొందరిలో ఏండ్ల తరబడి సప్పుడు లేకుండా ఉంటుంది, ఎప్పుడు వచ్చిందో ఎవరినుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరు, పాజిటివ్ అంటే క్యాన్సరు కాదు, ఇంకా లోపలికి చూడల్లని అర్థం అనింది. మా ఆయనకు ఫోన్ చేసి ఏడ్చినాను. "ఏడవొద్దు, నేనొస్తాండా" అన్నాడు, లారీ దిగి నేరుగా అనంతపురం ఆస్పత్రికి వచ్చినాడు.

ఆడ డాక్టరమ్మ ఏదో మందు పూసి పెద్ద లెన్సుతో చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. ఆ జవాబు వచ్చేదాకా "తండ్రీ, మా అమ్మ దారి నాకొద్దు" అని అదే మాట, అదే మాట! చివరికి డాక్టరమ్మ చెప్పింది: క్యాన్సరు కాదు, వదిలేస్తే కొన్నేండ్లకు అట్ల మారగలిగే మచ్చ. దాన్ని వేడి చేసే పరికరంతో మాడ్చేసినారు, సాయంత్రానికే ఇంటికొచ్చినాను. సంవత్సరానికి మళ్ళీ చూపించుకొమ్మన్నారు, పోయిన నెల చూపించుకున్నాను, వైరస్ కూడా కనపడలేదు. ఈసారి మిషను బాగానే చదివింది! దేవునికే మహిమ!

మచ్చ మాట విన్న పొద్దే మా అత్త నా కాళ్ళ దగ్గర కూలబడి, "నిన్ను నేనే పోగొట్టుకునేదాన్ని కదే బిడ్డా" అని ఏడ్చింది. అత్తా, ఆ మూలన కూర్చోని కొంగు నోటికి అడ్డం పెట్టుకోవద్దు. నువ్వు నూనె ఇచ్చింది నా మీద ప్రేమతోనే, ప్రభువుకు తెలుసు.

సహోదరీలారా, ఈ పొద్దు నర్సమ్మ మళ్ళీ వచ్చింది, ఆరాధనకు ముందు మా అత్త వరండాలో పరీక్ష ఇచ్చింది. పోయే ముందు అదే బుడ్డి నా చేతికిచ్చి, "నా నుదుట రాయి బిడ్డా, ఈడ రాస్తే చాలు" అనింది. రాసినాను. ఆమె ఫలితం ఏమొస్తుందో ఇంకా తెలియదు. ఏమొచ్చినా ఆస్పత్రికి ఇద్దరం కలిసే పోతాం, చూపించే దేవుడు నడిపిస్తాడు. ఆమె కోసం ప్రార్థన చేయండి. చేసినాక ఆమెన్ అని ఇండ్లకు పోవద్దండి అక్కలారా, నర్సమ్మ ఇంకా వరండాలోనే కూర్చోని ఉండాది.