బావగారు సైకిలు వెనక్కి తిప్పిన రోజు

మొన్న ఏలూరు బస్టాండులో నా పక్కన కూర్చున్న పెద్దాయన, బస్సు ఎంతకీ రాకపోయేసరికి తోచక కాబోలు, పాతరోజుల్ని పొగడడం మొదలుపెట్టాడు. "మన చిన్నప్పుడు ఎంత మర్యాద ఉండేదండీ! ఎవరి హద్దులో వాళ్ళుండేవారు," అన్నాడు. నాకు డెబ్భై దాటాయి. కోపం తగ్గించుకోమని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. అందుకని లేచి వెళ్ళి ఎండలో నిలబడ్డాను. ఆయన చెప్పిన మర్యాద ఎలా ఉండేదో నేను మోసి చూశాను, భుజం మీద.

యాభై ఏళ్ళ కిందటి, తెల్లదొరలనాటి సంగతి. మా అక్కభర్త ఏలూరులో ఒక మిషను బడిలో లెక్కలు చెప్పేవారు. మాది ఊరవతలి పేటలో పుట్టి, చదువు పుణ్యమా అని పట్నం చేరిన క్రైస్తవ కుటుంబం. బావగారు నెమ్మదస్తులు, బడిపిల్లల్ని కూడా మీరు అనే మనిషి. ఆయనకున్న వ్యసనం ఒక్కటే, సైకిలు. పనేమీ లేకుండా ఊరికే తొక్కుకుంటూ పోవడం మా వీధిలో ఎవరికీ అంతుపట్టేది కాదు. "ఎక్కడికండీ ప్రయాణం?" అంటే, "ఎక్కడికీ కాదండీ, ఊరికే," అని నవ్వేవారు. ఆ జవాబు వింటే అక్కకి ఒళ్ళు మండేది. సెలవురోజున ఇంట్లో పడుండక ఊళ్ళమ్మట తిరగడమేమిటని సణుగుతూనే పెరుగన్నం మూటకట్టి ఇచ్చేది.

ఆషాఢంలో ఒక శనివారం, నేనూ సాయిబుగారి కొట్లో సైకిలు అద్దెకి తీసుకుని ఆయన వెంట బయల్దేరాను. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. కాలవగట్టు పట్టుకుని తాడేపల్లిగూడెం దాకా. వీపున పడమటిగాలి. పెడళ్ళ మీద కాళ్ళు ఆనిస్తే చాలు, బండి దానంతటదే పోతోంది. దారిలో ఊళ్ళన్నీ నీళ్ళలో కొట్టుకుపోయినట్టు వెనక్కి వెళ్ళిపోయాయి. గూడెం లాకుల దగ్గర కూర్చుని అన్నం తిన్నాం. వేలికంటిన మాగాయ ఊట నాకుతూ బావగారు, "వెనక్కి వెళ్ళేటప్పుడు తెలుస్తుందండీ ఈ గాలి సంగతి," అన్నారు.

తెలిసింది. తిరుగుదారిలో గాలి రొమ్ము మీద చెయ్యి పెట్టి తోసేస్తున్నట్టుంది. కళ్ళ నిండా దుమ్ము. ఆయన పంచె తెరచాపలా ఉబ్బి వెనక్కి లాగుతోంది. భీమడోలు దాటాక ఒక ఊళ్ళోకి నడకకన్నా మెల్లగా వచ్చాం. పొద్దున దూసుకుపోయిన ఊరే. అరుగు మీద ఆ ఊరి పెద్దాయన, ఆయన చుట్టూ నలుగురు మనుషులు.

"ఎవర్రా మీరు? ఏ పేట?" అన్నాడాయన. మా బట్టలు చూసి కాదు, మా మొహాలు చూసి అడిగాడు.

బావగారు దిగి చెప్పారు, దాచకుండా.

"మా ఇంటి ముందు సైకిలెక్కి పోతారా? పొద్దున పోయింది కూడా మీరేనా?"

"నడిపించుకు పోతామండి," అన్నారు బావగారు.

"నడిపించడం కాదు. ఎత్తుకో. ఊరు దాటేదాకా చక్రం నేలకి తగలకూడదు."

నేను ఎత్తనన్నాను. అనడం పూర్తికాకుండానే వాళ్ళలో ఒకడు నా చెంప పగలగొట్టాడు. బావగారు తన సైకిలు భుజానికెత్తుకున్నారు. "ఎత్తుకోండి," అన్నారు నాతో. ఎత్తుకున్నాను. గాలికి సైకిలు అటూ ఇటూ ఊగి, హ్యాండిలు నా చెవికి కొట్టుకుంటోంది. వెనక నవ్వులు. నేను మాత్రం ఆ నవ్వేవాళ్ళని వదిలేసి, ముందు నడుస్తున్న బావగారి మీద పళ్ళు నూరుతున్నాను. "మీకు సిగ్గులేదా? మీరేం మేష్టారండీ?" అన్నాను. ఆ మాట ఆయనకి వినపడింది. మెడ కొంచెం కదిలింది.

ఊరు దాటాక ఆయన సైకిలు దింపి, చక్రం ఒకసారి తిప్పి చూసుకున్నారు. పంచె ఎగ్గట్టి, "ఎక్కండి," అన్నారు. ఎక్కాను. ఆయన హ్యాండిలు ఏలూరు వైపు తిప్పలేదు. మళ్ళీ ఆ ఊరి వైపు తిప్పారు.

ఇప్పుడు గాలి మా వీపున ఉంది. అంత వేగంగా నేను జన్మలో సైకిలు తొక్కలేదు. బావగారు వీధి మొదలు నుంచి చివరిదాకా గంట కొడుతూనే ఉన్నారు. అరుగు మీది పెద్దాయన లేచాడు, కండువా జారింది, ఏదో అరిచాడు. ఆయన మనుషులు పరుగెత్తారు. గాలిని పట్టుకోగలరా! ఊరవతల దక్షిణానికి తిరిగి, కొల్లేటి అంచు గట్లమీద పడి, బురదలో సైకిళ్ళు ఈడ్చుకుంటూ చుట్టుదారిన ఇల్లు చేరాం. దారిలో ఆయన ఒక్కటే అన్నారు: "మిమ్మల్ని కొట్టకుండా ఉంటే బావుండునండీ."

పదిరోజుల్లో బడికి ఫిర్యాదు వచ్చింది. క్షమాపణ రాసిమ్మన్నారు. అంత నెమ్మదైన మనిషీ కలం ముట్టుకోలేదు. ఆయన్ని కామవరపుకోట అవతల ఒక మెట్టపల్లె బడికి తోసేశారు. అక్క గిన్నెలు సర్దుకుంటూ ఏడ్చింది. బావగారు అక్కడే ఏడేళ్ళు లెక్కలు చెప్పి, అక్కడే జ్వరంతో పోయారు. ఆయన్ని అన్న మాటకి నేను క్షమాపణ చెప్పుకోలేదు. ఇవాళ చెప్తాను, రేపు చెప్తాను అనుకుంటూ ఉండిపోయాను.

కళ్ళు మసకబారాయి, మోకాళ్ళు అరిగాయి, నాలో అన్నీ నాతోపాటే ముసలివైపోయాయి. ఆ అరుగు మీద నాకున్న కోపానికి మాత్రం ఇప్పటికీ ఇరవై ఏళ్ళే.