అంబలి ఆర్పిన ఆమ్లెట్

నిజాం రాజ్యం పోయిన కొత్తలో నాకు పన్నెండేళ్ళు. కొత్తగూడలో మా ఇంటికి పట్నం నుంచి మా అక్క భర్త వచ్చాడు. ఏదో దఫ్తరులో గుమాస్తా అంతే, నడక మాత్రం దొరది. దోనెలో దుర్గం చెరువు దాటి, అవతలి గుట్టల్లో గుడారం వేసుకుందామని అమ్మనూ నన్నూ బయలుదేరదీశాడు.

అమ్మ జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డలు మూటగట్టి, ముంతలో చిక్కటి అంబలి పోసింది. బావ ముక్కు మూసుకున్నాడు.

"ఏంది అత్తమ్మా, గొడ్లకు పెట్టే కుడితి తెచ్చినవ్? దొరలు పడవల వేడివేడి ఆమ్లెట్ తింటరు. జర చూడు!"

చెరువు నడుమకు రాగానే ఆ మహానుభావుడు కర్ర దోనెలో కిరసనాయిలు స్టవ్ వెలిగించాడు. ఒక చేత్తో పెనం, ఇంకో చేత్తో గుడ్డు పట్టుకుని ఠీవిగా లేచి నిలబడ్డాడు. దోనె ఊగింది, స్టవ్ దొర్లింది, ఆయన ధోతి భగ్గుమంది. నీళ్ళలోకి దూకుదామంటే దొరగారికి ఈత రాదు.

"సస్తున్న అత్తమ్మా!"

అమ్మ ముంతెత్తి అంబలంతా ఆయన మీద కుమ్మరించింది. నేను స్టవ్‌ను చెరువులోకి తన్నాను. మంట ఆరింది. మీసాల నుంచి అంబలి కారుతుండగా బావ అడిగిన మొదటి మాట:

"రొట్టెలేమన్న ఉన్నయా?"

ఆ తర్వాత ప్రతి పెళ్ళిలోనూ ఆయన చెప్పిన కథలో మంట ఆర్పింది ఆయనే!

మొన్న మా మనవరాలు పడవ షికారుకు పోతూ, తేలికైన భోజనం ఏదని అడిగింది. పొయ్యి అక్కర్లేనిది ఏదైనా పట్టుకుపొమ్మన్నాను. ఆమ్లెట్ దొరలుంటే మాత్రం ఒడ్డునే వదిలిపొమ్మన్నాను.