కప్ప దొరికిన చోటు

కప్పల టీచరమ్మ లేని కప్పను పుట్టించి పేరు కొట్టేసిందని కాలేజీలో పుకారు లేచింది. కొత్త జాతి కప్పను కనిపెట్టానని వ్యాసం రాసింది, ఉపన్యాసాలిచ్చింది, దాని కూత రికార్డు చేసి వినిపించింది. అది ఏ వాగులో దొరికిందో మాత్రం ఎవరెంత అడిగినా చెప్పదు.

"ఆ కూత మా ఇంటి మిక్సీది కాదు కదా మేడం?" అన్నాడు స్టాఫ్ రూమ్‌లో లెక్కల మాస్టారు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, టీ గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లిపోయింది.

ఇంట్లో చెల్లెలు ఊరుకోలేదు. "అక్కా, ఒక్కసారి తీసుకెళ్లి చూపించెయ్యి. వాళ్ల నోళ్లు మూతపడతాయి. లేకపోతే నీ ఉద్యోగానికే ఎసరు పెట్టేట్టున్నారు."

"చూపిస్తే నా మాట నిలబడుతుందే. తర్వాత కప్ప ఉండొద్దూ?" అంది ఆమె.

పుకారుకు తెలియనిది ఒకటుంది. ఇంతకు ముందు దొరికిన పసుపు కప్ప గురించి ఆమె ఏదీ దాచలేదు. వాగును పటంలో గుర్తుపెట్టి మరీ చూపించింది. ఆ కథ అందరికీ నచ్చింది; కప్పల్ని పట్టి తెచ్చుకోవడానికి సీసాలు తీసుకుని ఆ వాగుకి వెళ్లారు. మరుసటి వానాకాలం ఆమె వెళ్లి గట్టున కూర్చుంటే, నీళ్ల చప్పుడు ఒక్కటే వినిపించింది.