సగం ఖలాస్ అయిన నవ్వు

ఈ మధ్య నెల రోజులు నా నవ్వు ఒక్క దిక్కే పనిచేసింది. కుడి వైపు పన్ను ముచ్చటగా నడుస్తుంటే, ఎడమ వైపుది కూర్చున్న చోటనే కూర్చుంది. తప్పు నాది కాదని ఇప్పటికీ వాదిస్తాను. మొత్తం విని మీరే చెప్పండి.

నా పళ్ళు చిన్నప్పటి నుంచీ ఎత్తు. బడిలో నన్ను నర్సయ్య అని పిలిచింది హాజరు తీసుకునే సారు ఒక్కడే. మిగతా అందరికీ నేను పారపండ్లోణ్ణి. దానితో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం అలవాటైంది. పెళ్ళి ఫోటోలో కూడా మీసం సర్దుకుంటున్నట్టు చెయ్యి మూతి మీదే ఉంటుంది. ఇరవై నాలుగేండ్ల కాపురంలో నా నవ్వు పూర్తిగా చూడలేదని మా రాజవ్వ ఇప్పటికీ దెప్పుతుంది.

నేనుండేది షార్జా దగ్గర సజ్జాలో, కంపెనీ క్యాంపులో. ఇరవై ఏళ్ళుగా నాది డ్రిల్లింగ్ పని. కాంక్రీటులో రంధ్రాలు వేసి, బోల్టులు దించి, వాటి మీద ఇనుప ప్లేట్లు బిగించాలి. ఇప్పుడు ఫోర్‌మన్‌ని. పోయిన ఏడు చివర్లో మా ముదీర్, అంటే మేనేజరు, పిలిచి, ఈ ప్రాజెక్టుతో నీ వీసా ఖతం, పది నెలల్లో క్యాన్సిల్ చేసి ఇంటికి పంపిస్తాం అన్నాడు. రూముకు వచ్చి మంచం మీద కూర్చుని ఆలోచించాను. పోయేది ఎట్లాగూ పోతున్నాను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా విమానం దిగాలి. క్లిప్పులు వేయించుకుందాం.

రూములో చెప్పిన నాడు ఆ నవ్వులు పక్క బ్లాకు దాకా వినబడ్డాయి. అందరికన్నా ఎక్కువ నవ్వింది గంగరాజం. కంపెనీ పికప్ నడుపుతాడు. మా పక్క ఊరివాడే, నన్ను బావా అంటాడు, ఆ వరుస చూసుకునే ఇన్ని మాటలు.

"గిప్పుడు క్లిప్పులెందుకు బావా? ఇంకో పదేండ్లు ఆగితే పండ్లే పోతయి, పని తేలికైతది."

"నా నోరు, నా పండ్లు. నీకేం నొప్పిరా?" అన్నాను. మరుసటి ఆదివారమే అజ్మాన్‌లో ఒక పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి పోయాను. అరబ్బామె. నర్సు మలయాళీ. డాక్టరమ్మ ఇంగ్లీషులో చెప్పేది, నర్సు హిందీలో నాకు దించేది. పైన అటొకటి ఇటొకటి పన్ను తీసేసి, ఆ ఖాళీలోకి కోరపళ్ళను వెనక్కి లాగాలట. అవి జరిగితే ముందరి పళ్ళు లోపలికి పోతాయట. మొత్తం ఇరవై నెలలు పడుతుందని చెప్పింది.

నా దగ్గర ఉన్నవి పది. ఆ సంగతి చెప్పి, తొందరగా అయ్యే ఉపాయం ఏదైనా ఉందా అని అడిగాను. డాక్టరమ్మ కాసేపు ఎక్స్‌రే చూసి మూడు పద్ధతులు చెప్పింది. ఒకటి, చిగురు తెరిచి ఎముక మీద గీతల్లాగా కోయడం. అది పెద్ద ఆపరేషన్. రెండోది, చిగురుకు సన్నగా గాటు పెట్టి, వణికే బ్లేడుతో ఎముకను గీరడం. మూడోది, చిగురులోంచే ఎముకకు చిన్న చిన్న రంధ్రాలు వేయడం. రంధ్రం పడగానే ఎముక తనకు దెబ్బ తగిలిందనుకుని రిపేరు మొదలుపెడుతుందట. ఆ రిపేరు జరిగే రోజుల్లో మెత్తబడుతుంది, అప్పుడు పన్ను తొందరగా జరుగుతుంది. అందరికీ ఒకేలా పనిచేయదని, గ్యారంటీ ఇవ్వనని కూడా చెప్పింది.

నాకు రంధ్రాలు అన్న దగ్గరే చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఇది మన పనే కదా! బిట్టు ఎన్ని ఎంఎం అని అడిగాను. ఒకటిన్నర అంది. లోతెంత? ఐదు దాకా. లోపల రాడ్డు తగిలితే? నర్సుకు అర్థం కాలేదు. మేము గోడకు డ్రిల్లు పెట్టే ముందు లోపల ఇనుప రాడ్లు ఎక్కడున్నాయో మిషనుతో చూసుకుంటామని చెప్పాను. డాక్టరమ్మ నవ్వి ఎక్స్‌రే చూపించింది. రాడ్డు స్థానంలో పంటి వేరు, అది తగలకుండా చూసుకునే వేస్తానంది. ఈమె పని తెలిసిన మనిషి అని నమ్మకం కుదిరింది. మూడో పద్ధతే రాయమన్నాను.

పళ్ళు తీయించి, క్లిప్పులు వేయించి, చివరికి రంధ్రాల రోజు వచ్చింది. ఆ ఆదివారం సాయంత్రం గంగరాజం పికప్‌లో దింపి, కింద ఎదురుచూస్తానన్నాడు. డాక్టరమ్మ రెండు దిక్కులా సూదులు వేసింది. నోరు నోరులా లేదు, ఎవరిదో తెచ్చి అతికించినట్టు ఉంది. కుడి వైపు మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. దుమ్ము లేదు, చప్పుడు లేదు. ఇంత నీటుగా మా సైటులో ఎవడూ వేయలేదు.

అంతలో పక్క రూములో ఎవరో పేషెంటుకు ఏదో ఇబ్బందై డాక్టరమ్మను పిలిచారు. ఆమె గ్లవుజులు తీస్తూ నర్సుతో అరబీలో ఏదో చెప్పింది. నాకు అందులో అర్థమైంది ఒక్క మాట. ఖలాస్. తర్వాత నర్సు నా వైపు తిరిగి, "పాంచ్ మినిట్ బైఠో," అని తనూ వెళ్ళింది.

ఇప్పుడు మీరే చెప్పండి. ఇరవై ఏళ్ళుగా ఈ దేశంలో ఖలాస్ అంటే పని అయిపోయినట్టే. కాంక్రీటు పోస్తే ఖలాస్, డ్యూటీ దిగితే ఖలాస్, నా వీసా కూడా ఖలాస్. నర్సు ఐదు నిమిషాలు కూర్చోమంది, గడియారం చూసి ఐదు నిమిషాలు కూర్చున్నాను. ఆరో నిమిషం లేచాను. రిసెప్షన్‌లో ఎవరూ లేరు. లిఫ్టు ఎక్కాను. అందులో ఒక పాప నన్ను చూసి వాళ్ళమ్మ వెనక దాక్కుంది. సూదులకు మూతి వాచి ఉంటుంది, పాపం భయపడిందనుకున్నాను.

గంగరాజం నన్ను కింది నుంచి పై దాకా చూశాడు.

"గల్లకు ఏం కట్టిండ్రు బావా? బువ్వ తినిపిస్తరా?"

చూసుకుంటే, కుర్చీలో కూర్చోబెట్టినప్పుడు మెడకు తగిలించిన నీలం కాగితం అట్లాగే వేలాడుతోంది. మరిచిపోయానని వీడి ముందు ఒప్పుకుంటానా? ట్రీట్‌మెంటులో అదొక భాగం, క్యాంపు దాకా తీయొద్దన్నారని చెప్పాను. నిజంగానే తీయలేదు.

సగం దారిలో ఫోను మోగింది. ల్యాండ్‌లైన్ నంబరు. ఎత్తగానే ఆడగొంతు, "సర్, ఆప్ కా కార్డ్..." అంది. కార్డు మాట వినగానే నాకు మండింది. ఆ వారంలో అట్లాంటి ఫోన్లు రూములో అందరికీ వచ్చాయి, కార్డు బ్లాకైంది, నంబరు చెప్పు అంటూ. తిమ్మిరి మూతితోనే అందుకున్నాను. తిట్లన్నీ గాలిగా పోతున్నాయి గానీ ఓటీపీ నహీ దూంగా అన్న మాట మాత్రం గట్టిగా పలికింది. మళ్ళీ చేసింది. మళ్ళీ అదే చెప్పాను. మూడోసారి చేస్తే నంబరు బ్లాకు చేశాను. గంగరాజం కూడా మెచ్చుకున్నాడు.

తర్వాత నెల రోజులూ నాకు పండగే. స్టోర్‌లోంచి వెర్నియర్ తెచ్చి ఆదివారం ఆదివారం ఖాళీ కొలిచేవాణ్ణి. కుడి వైపు సందు ప్రతిసారీ కాస్త తగ్గేది. ఎడమ వైపు? వెంట్రుకంత తేడా. ముందరి పళ్ళ మధ్య గీత ముక్కుకు నేరుగా ఉండాల్సింది, కుడికి ఒరిగింది. గంగరాజం రోజూ పొద్దున అద్దంలో నాకు చూపించేవాడు.

"నీ నవ్వు ఇండికేటర్ ఏసినట్టున్నది బావా. కుడికి తిరుగుతున్నవా?"

ఎడమ పన్ను మొండిది, పుట్టుకతోనే అంత, దానికి కాస్త టైము ఇవ్వాలన్నాను. పైకి అట్లా అన్నాను గానీ లోపల గుబులే. నెలలు కరిగిపోతున్నాయి. వంకర నవ్వుతో దిగితే ఉన్న పేరుకు ఇంకో పేరు తగులుకుంటుంది.

నెలకోసారి రావాలని మొదట్లోనే చెప్పారు గనక పోయిన ఆదివారం మళ్ళీ వెళ్ళాను. నన్ను చూడగానే నర్సు నడుం మీద చేతులు పెట్టుకుంది. ఆ రోజు బాత్రూములో వెతికారట, మెట్ల మీద వెతికారట. అపాయింట్‌మెంటు కార్డు టేబుల్ మీదే వదిలేసి పోయారు, ఎడమ వైపు ఇంకా వేయలేదు, వెనక్కి రండి అని చెప్పడానికే ఫోన్ చేసిందట.

"మై కార్డ్ బోలీ," అంది నర్సు, "ఆప్ ఓటీపీ బోలా."

డాక్టరమ్మ నోరు తెరిపించి చూసింది. ఆమె చెప్పిన ఖలాస్ కుడి వైపు వరకేనట. నేను ఊరుకోలేదు. ఖలాస్ అంటే ఖలాసే, సగం ఖలాస్ అని ఈ దేశంలో ఎక్కడా వినలేదన్నాను. ఆమె కోప్పడలేదు. మీ సైటులో ఇనుప ప్లేటుకు ఒక్క వైపే బోల్టులు బిగిస్తే ఏమవుతుందని అడిగింది.

వాదన ఆపి నోరు తెరిచి పడుకున్నాను. ఎందుకంటే ఇరవై ఏళ్ళుగా కొత్తగా వచ్చిన ప్రతివాడికీ నేను చెప్పే మొదటి పాఠం అదే. ఒక్క దిక్కు బిగించి పోతే ప్లేటు ఒరుగుతుంది బిడ్డా, రెండు దిక్కులా చూసుకుని దిగు.

కుడి వైపు పన్నును ఇక కదలకుండా తీగతో కట్టి ఆపింది. ఎడమ వైపు మూడు రంధ్రాలు వేసింది. నెల పోయింది గానీ టికెట్టు తేదీ లోపల అవ్వొచ్చు, ఇంకోసారి పారిపోకపోతే, అంది. చివర్లో ఖలాస్ అని చెప్పింది. నేను కదల్లేదు. నర్సు పొమ్మంది. పోలేదు. ఎడమ ఖలాస్, కుడి ఖలాస్, పైన ఖలాస్ అని ఒక్కొక్కటీ ఆమె నోటితో చెప్పించుకున్నాకే కుర్చీ దిగాను. కార్డు అడిగి తీసుకుని, జేబులో పెట్టి బటన్ కూడా పెట్టాను. ఈ నర్సయ్యను రెండోసారి ఎవరూ పట్టలేరు.

ఆ ఊపులోనే పికప్ ఎక్కుతూ రాజవ్వకు వీడియో కాల్ చేశాను. గంగరాజం ఎందుకో ఆ రోజు ఒక్క మాటా అనలేదు, మూతి బిగబట్టి స్టీరింగు చూస్తున్నాడు. నేను చెయ్యి కింద పెట్టి, తిమ్మిరి మూతి, ఇనుప క్లిప్పులు, వంకర గీత అన్నీ కనబడేలా మొదటిసారి నిండుగా నవ్వాను. రాజవ్వ ఫోన్ దగ్గరికి తెచ్చుకుని చూసింది.

"నవ్వు మంచిగనే ఉన్నది," అంది. "గని గల్లకు గా నీలి కాగితం ఏంది?"

గంగరాజం స్టీరింగు మీద తల ఆనించి వణుకుతున్నాడు. నేను దాన్ని తీయలేదు. ఇంకాస్త సర్దుకున్నాను.

"దుబాయ్‌ల గిప్పుడు గిదే స్టైలు," అన్నాను.