వేలికి తెలిసే చుక్కలు

బందరు బజారులో స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టేవాళ్ళలో సైఫుల్లా చెయ్యి బహు స్థిమితం. ముందుగా గిన్నెని వాడేవాళ్ళు ఎలా పట్టుకుంటారో అలా ఒకసారి పట్టుకుని చూస్తాడు. పేరు వాళ్ళ కళ్ళకి తిన్నగా కనబడాలంటాడు. ఆ తరవాత బిస్మిల్లా అనుకుని ఉలి ఆనించాడంటే మళ్ళీ దిద్దేదేమీ ఉండదు.

1979 మాఘమాసంలో అవనిగడ్డ నుంచి ధర్మారావు గారు అతని కొట్టుకి వచ్చారు. పటాలంలో సుబేదారుగా చేసి రిటైరైన మనిషి. ఆయన తుపాకీకి దుర్భిణి ఉంది, దాని నెత్తిన గుండ్రటి డయల్. దూరం పెరిగేకొద్దీ గుండు కిందికి జారుతుంది కనక, దాన్ని సరిచెయ్యడానికి డయల్ తిప్పాలి.

"వంద గజాలకి, రెండొందలకి, మూడొందలకి ఎక్కడెక్కడ ఆపాలో గీతలు పెట్టి అంకెలు చెక్కాలయ్యా. నిరుడు మా తుపాకీ క్లబ్బు పోటీలో ఎక్కువ తిప్పేసి మూడొందల గురి పోగొట్టుకున్నాను. ఈసారీ పోతే పోటీ పట్టీలోంచి నా పేరు తీసేస్తారట."

"తీసెయ్యరు లెండి, బాబాయిగారూ. మీరు పేల్చేటప్పుడు నన్ను పక్కన ఉండనివ్వండి చాలు."

సముద్రపు ఒడ్డున క్లబ్బువాళ్ళు గురి చూసుకునే ఇసుక దిబ్బకి ఇద్దరూ వెళ్ళారు. సైఫుల్లా డయల్ చుట్టూ మైదా పేస్టుతో కాగితం అంటించాడు. ఒక్కో దూరంలో గుండు నడిమధ్య తగిలేదాకా ధర్మారావు గారు డయల్ సవరించుకోవడం, తగలగానే ఇతను కాగితం మీద సూదితో గుర్తు పెట్టడం. మధ్యలో నమాజు వేళయింది. ధర్మారావు గారు తుపాకీ ఖాళీ చేసి దూరంగా పెట్టి, తన ఉతికిన తువ్వాలు ఇసుకలో పరిచి అవతలికి వెళ్ళి కూర్చున్నారు.

"నింపాదిగా కానియ్. గురి బోర్డు ఎక్కడికీ పారిపోదు."

మళ్ళీ మొదలుపెట్టాక సైఫుల్లా ఒకటి గమనించాడు. డయల్ చూడాలంటే ఆయన జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుంటున్నారు. దుర్భిణిలో చూడాలంటే తీసేస్తున్నారు. ఆ సందడిలో కుదిరిన ఒళ్ళు కాస్తా కదిలిపోతోంది.

"అంకెలొద్దు, బాబాయిగారూ. గుంట చుక్కలు పెడతాను. వందకి ఒకటి, రెండొందలకి రెండు, మూడొందలకి మూడు. కింద కదలని అంచు మీద ఒక గాడి. చుక్కలు గాడికి ఎదురొస్తే వేలికే తెలిసిపోతుంది."

"నేనేమన్నా గుడ్డివాణ్ణా? క్లబ్బులో నవ్వుతారు."

"మీరు కొట్టాక నవ్వమనండి."

ఆయన మీసం కింద నవ్వు దాచుకున్నారు.

మర్నాడు కొట్లో, మళ్ళీ అదే చోట బిగించడానికి సన్నటి గీత గీసుకుని, సైఫుల్లా డయల్ ఊడదీశాడు. అది పైదేశపు సరుకు. సుత్తి దెబ్బ పక్కకి జారితే బందరులో ఇంకోటి దొరకదు. ధర్మారావు గారు వీధి వైపు తిరిగి కూర్చున్నారు. సైఫుల్లా భార్య నాగూర్ బీ ఆయనకి టీ తెచ్చింది.

"భయపడకండి, మావయ్యగారూ. చప్పుడు వినండి. చెయ్యి తడబడితే నాకు వంటింట్లోనే తెలిసిపోతుంది."

టీ చల్లారకముందే చుక్కలు పడ్డాయి.

పోటీ రోజున కళ్ళజోడు జేబులోంచి బయటికి రాలేదు. ధర్మారావు గారు చెంప తుపాకీకి ఆనించినవారు ఆనించినట్టే ఉన్నారు. బొటనవేలు మాత్రం డయల్ మీద పాకి, ఆగింది. వంద, రెండొందలు సరిగ్గా తగిలాయి. మూడొందల గురి దగ్గర జెండా ఊపినవాడు నడిమధ్య అని చూపించాడు. రెండో స్థానం వచ్చింది. క్లబ్బు కార్యదర్శి వీరాంజనేయులు గారే వచ్చి, ఆ డయల్ని వేలితో తడిమి చూసి, వచ్చే ఏడు పట్టీలో ధర్మారావు గారి పేరు అప్పుడే రాయించారు.

సాయంత్రం ధర్మారావు గారు బజారుకి వచ్చారు.

"వచ్చే ఏడు నాలుగొందల గజాలు కూడా పెడతారట సైఫుల్లా. డయల్ మీద ఇంకో నాలుగు చుక్కలకి చోటుందా?"

"ఉంచానండీ," అన్నాడు సైఫుల్లా, చేతిలో గిన్నె దించకుండానే.